కోటగుమ్మం చుట్టుపట్ల

సభాధ్యక్షులకు, పెద్దలకు, పాత ఊరి పేటల్లో పుట్టి పెరిగి ఈ సాయంత్రం పనులు పక్కన పెట్టి వచ్చిన మీ అందరికీ నమస్కారం.

రాజమహేంద్రవరం గురించి మాట్లాడమంటే రాజరాజ నరేంద్రుడితో మొదలుపెట్టి, నన్నయ భట్టారకుడికి నమస్కరించి, అక్కడితో ఆగిపోవడం మన సభల్లో అలవాటుగా వస్తోంది. ఆ ఇద్దరి మీదా నాకున్న గౌరవం ఎవరికీ తీసిపోదు. అయితే ఈ రోజు నాకు అప్పగించిన విషయం చాలా చిన్న జాగాకు సంబంధించింది. రేవు మెట్ల నుంచి కోటగుమ్మం, కోటగుమ్మం నుంచి మెయిన్ రోడ్డు, దాని పక్కన కందకం రోడ్డు, ఆ వెనక ఇన్నీసుపేట వరకు ఉన్న పాత ఊరు ఇది. కాళ్లు బాగున్న మనిషి తీరుబడిగా నడిచినా ఒక పూటలో తిరిగి రాగలిగినంత మేర. తెలుగువాళ్లు ఈ నూటయాభై ఏళ్లలో చదువుకున్నదీ, వాదించుకున్నదీ, మార్చుకున్నదీ ఎంత ఈ కాస్త నేల మీద మొదలయిందో తలచుకున్నప్పుడల్లా నాకు ఆశ్చర్యంగానే ఉంటుంది.

నేను గోదావరికి అవతలి ఒడ్డు వాణ్ణి. నిడదవోలు దగ్గరి పల్లెటూరు మాది. కాలేజీలో చేరడానికి 1973లో మా నాన్నగారి వెంట ప్యాసింజరు బండిలో పాత వంతెన దాటి గోదావరి స్టేషనులో దిగి, ట్రంకుపెట్టె నెత్తిన పెట్టుకుని కోటగుమ్మం దాకా నడిచి వచ్చాను. అక్కడ నిలబడి కోట ఎక్కడుందని ఒక పుస్తకాల కొట్టు పెద్దాయనను అడిగాను. కోట ఉంటే కదా చూపించడానికి, నువ్వు నిలబడ్డదే గుమ్మం అని ఆయన నవ్వుతూ చెప్పారు. అప్పుడు ఆ మాట నాకు అర్థం కాలేదు. యాభై ఏళ్లుగా ఈ వీధుల్లో ఉంటూ, వీటి చరిత్ర చదువుతూ, పిల్లలకు చెబుతూ, ఆ జవాబునే విప్పుకుంటూ వస్తున్నాను.

కోట కథ క్లుప్తంగా చెబుతాను. ఊరికి పేరు పెట్టింది రాజమహేంద్ర బిరుదున్న మొదటి అమ్మరాజా, లేక 1022లో పట్టాభిషిక్తుడైన రాజరాజ నరేంద్రుడా అన్నది పండితులు చాలాకాలంగా వాదించుకుంటున్న సంగతి. తూర్పు చాళుక్యుల తరువాత కాకతీయులు, తుగ్లకుల సేనలు, కాటయవేముడి వంటి రెడ్డి రాజులు, గజపతులు వరసగా ఇక్కడికి వచ్చారు. 1572లో గోలకొండ సేనలు ఊరిని పట్టుకున్నాయి. 1753లో ఉత్తర సర్కారులు ఫ్రెంచి సేనాని బుస్సీ చేతికి వచ్చాయి. 1758 డిసెంబరులో చందుర్తి యుద్ధంలో ఫ్రెంచివారు ఓడిపోవడంతో ఊరు ఇంగ్లీషు కంపెనీ వైపు మళ్లింది. ఇంతమంది చేతులు మారిన ఆ కోట, ఎత్తైన మట్టిగోడలూ వాటి చుట్టూ కందకమూ ఉన్న కట్టడం. కంపెనీ పాలన కుదురుకున్నాక ఆ గోడలతో ఎవరికీ అవసరం లేకపోయింది. కట్టించిన రాజుకు తప్ప ఊరికి సొంతం కాని గోడ అది. వాన కరిగించినంత కరిగించింది, ఇళ్ల పునాదులు మింగినంత మింగాయి, కందకం పూడి బాట అయింది. ఈ రోజు కందకం రోడ్డులో సరుకు దించుకునే హమాలీలలో ఎవరినైనా అడగండి, ఆ పేరు ఎందుకు వచ్చిందో చెప్పేవారు అరుదు. అయినా వాళ్లు రోజూ పలికే ఆ మాటలో కోట ఉంది. మంగళవారపుపేట, లక్ష్మీవారపుపేట అన్నప్పుడు పాత వారపు సంతలు ఎలా పలుకుతాయో ఇదీ అంతే.

మెయిన్ రోడ్డులో పెద్ద మసీదు ద్వారం దగ్గర ఒక పారశీక శిలాశాసనం ఉంది. హిజరీ 724 రంజాను మాసంలో, అంటే మన లెక్కకు 1324 సెప్టెంబరులో, ఉలుగ్ ఖాను సేవకుడైన సాలార్ ఉల్వీ ఆ కట్టడాన్ని కట్టించాడని దాని సారాంశం. ఉలుగ్ ఖాను అంటే ఆ తరువాతి ఏడాది మహమ్మద్ బిన్ తుగ్లక్ పేరుతో ఢిల్లీ సుల్తాను అయిన వ్యక్తి. ఓరుగల్లు పడిపోయింది 1323లో. ఆ తరువాత ఏడాది తిరిగే లోపల ఢిల్లీ ఏలుబడి గోదావరి గట్టుకు చేరిందని చెప్పడానికి ఇంతకన్న సూటి సాక్ష్యం మరొకటి అక్కరలేదు. ఆంధ్రదేశ చరిత్రలో తేదీతో సహా తెలిసిన మలుపు అది, మనం చీరలూ స్టీలు సామానూ కొనుక్కుని తిరిగి వచ్చే దారిలో రాతిలో చెక్కి ఉంది. అందులో ఏముందో తెలుగులో రాసిన ఒక పలక అక్కడ ఉంటే ఎంత మేలు జరుగుతుందో ఆలోచించండి.

కోట కరగడంతో రాజధానిగా ఈ ఊరి కథ దాదాపు ముగిసినట్టే. తరువాతి కథను నడిపింది నీళ్లు. 1847లో మొదలుపెట్టి 1852 నాటికి సర్ ఆర్థర్ కాటన్ దొర ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం పాయల మీద నాలుగు ముక్కలుగా ఆనకట్ట కట్టించాడు. డెల్టా అంతటా కాలవలు పారాయి. కాలవలంటే తడి ఒక్కటే కాదు, దారులు కూడా. కోనసీమ నుంచీ, నిడదవోలు, తణుకు వైపు నుంచీ పడవలు ధవళేశ్వరం లాకుల దాకా వచ్చేవి. పంట చేతికొచ్చిన ఇంట్లో కొడుకును చదివించాలన్న ఆశ పుట్టింది, పొలానికి విలువ పెరిగినచోట గట్టు తగాదాలూ పెరిగాయి. చదువుకు వచ్చేవారూ, వ్యాజ్యానికి వచ్చేవారూ దిగవలసిన ఊరు ఇదే అయింది. 1859లో గోదావరి జిల్లా ఏర్పడినప్పుడు కలెక్టరు కచ్చేరి కాకినాడలో ఉండగా జిల్లా న్యాయస్థానం ఇక్కడ ఉంది. 1853లో మొదలైన సర్కారు బడి పెరిగి కళాశాల అయింది, 1894లో ఉపాధ్యాయ శిక్షణ కళాశాల దానికి తోడైంది. అందుకనే పాత ఊరు ప్రధానంగా వకీళ్ల ఊరుగా, పంతుళ్ల ఊరుగా, గది అద్దెకు తీసుకుని వండుకు తినే విద్యార్థుల ఊరుగా తయారైంది. హిందూ పత్రికను స్థాపించిన ఆరుగురిలో ఒకరైన న్యాపతి సుబ్బారావు పంతులు గారు ఇక్కడి వకీలు. ప్రకాశం పంతులు గారు బారిస్టరు చదువుకు ఇంగ్లండుకు వెళ్లకముందు ఇక్కడే వకీలుగా ఉండి పురపాలక సంఘానికి అధ్యక్షులయ్యారు. తరువాత వచ్చిన మార్పులన్నిటికీ మూలం ఈ జనమేనని నా అభిప్రాయం. రాజులు వెళ్లిపోయిన ఊరిలో చదువుకున్నవారు మిగిలారు.

ఇప్పుడు కందుకూరి వారింటికి వెళదాం. 1848 ఏప్రిల్ 16న వీరేశలింగం గారు పుట్టిన ఇల్లు ఈ పాత ఊరిలోనే ఉంది, ఈనాటికీ నిలబెట్టుకోగలిగాం. ఆ గదులు పెద్దవి కావు, ఎత్తూ తక్కువే. కాని 1881 డిసెంబరు 11న ఈ ఊరిలో ఆయన జరిపించిన పెళ్లి తలచుకున్నప్పుడు ఆ ఇంటి గడప దాటడానికి నాకు ఇప్పటికీ కాలు తడబడుతుంది. ఆంధ్రదేశంలో ఆయన పూనికతో జరిగిన మొదటి వితంతు వివాహం అది. ఊరంతా ఎదురు తిరిగింది. పురోహితులూ, వంటవాళ్లూ, నీళ్లు తెచ్చేవాళ్లూ కూడా రావడం మానేశారు. ఆయన శిష్యులైన విద్యార్థులు కాపలా నిలిచారు, పోలీసుల బందోబస్తు కావలసి వచ్చింది. కాకినాడ వర్తకులు పైడా రామకృష్ణయ్య గారు డబ్బు సాయం చేశారు. ఇవన్నీ పాఠ్యపుస్తకాల్లో ఉన్నాయి. పుస్తకాల్లో ఒక్క వాక్యంగా మాత్రమే వచ్చే సంగతి ఒకటి ఉంది, నేను దాని దగ్గరే ఎక్కువసేపు ఆగాలనుకుంటున్నాను. నీళ్లు తెచ్చే మనిషి రానన్నప్పుడు ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మ గారు తానే బిందె పట్టుకుని గోదావరికి వెళ్లి నీళ్లు తెచ్చి, వచ్చినవారికి వండిపెట్టారు.

ఆ నీళ్ల దారిని ఒకసారి మనసులో నడిచి చూడండి. ఇంటి నుంచి గోదావరి గట్టుకు వెళ్లాలి, మెట్లు దిగాలి, నిండు బిందె ఎత్తుకుని మళ్లీ ఎక్కాలి. దారి పొడుగునా అరుగుల మీద కూర్చున్నవారి చూపులు, వెనకనుంచి వినిపించే మాటలు. ఒక్కసారితో తీరే పనీ కాదు. పెళ్లివారికీ, కాపలా ఉన్న పిల్లలకూ నీళ్లు ఎన్ని బిందెలు కావాలో మన ఇళ్లలో ఆడవాళ్లకు బాగా తెలుసు. ఆయన పత్రిక రాశారు, ఉపన్యాసాలిచ్చారు, కోర్టులకు ఎక్కారు. ఆమె నీళ్లు మోశారు. ఈ పాత ఊరిలో స్మారకం కట్టవలసిన దారి ఏదైనా మిగిలి ఉందంటే, నా దృష్టిలో ఇంటి నుంచి రేవుకు ఆమె నడిచిన ఆ దారి.

వీరేశలింగం గారు 1887లో బ్రహ్మసమాజ ప్రార్థన మందిరాన్నీ, 1890లో పురమందిరాన్నీ నిలబెట్టారు. 1906లో హితకారిణీ సమాజాన్ని స్థాపించి తన ఆస్తినంతా దానికి రాసి ఇచ్చారు. పురమందిరం విషయంలో ఒక మాట గట్టిగా చెప్పాలి. అంతకుముందు ఊరిలో జనం గుమిగూడే చోట్లు గుడి మండపాలూ, రేవులూ, సంతలూ. కులంతో గాని, మొక్కుబడితో గాని, బేరంతో గాని పని లేకుండా ఒక మనిషి మరో మనిషి చెప్పే మాట వినడానికే వచ్చి కూర్చోగల గది ఈ ఊరికి అప్పుడు దొరికింది. ఈ సాయంత్రం మనం ఇలా కూర్చోవడానికి దారి వేసింది అదే.

1907 ఏప్రిల్‌లో బిపిన్ చంద్ర పాల్ గారు ఈ ఊరికి వచ్చారు. వంగదేశ విభజన మీద ఆయన ఇచ్చిన ఉపన్యాసాలను చిలకమర్తి లక్ష్మీనరసింహం పంతులు గారు తెలుగులో చెప్పారు. భరతఖండాన్ని పాడియావుగా, హిందువులను ఏడ్చే లేగదూడలుగా, తెల్లవారిని గడుసరి గొల్లవారుగా చూపిన ఆయన పద్యం ఆ సభల నుంచే ఆంధ్రదేశమంతా పాకింది. శిక్షణ కళాశాల విద్యార్థులు వందేమాతరం బిళ్లలు గుండె మీద తగిలించుకుని తరగతికి వెళ్లారు. ప్రిన్సిపాలు మార్క్ హంటరు తీసుకున్న చర్యలో గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారు కళాశాల నుంచి బహిష్కృతులయ్యారు. పాల్ గారి పేరున నిలిచిన పాల్ చౌక్ అన్న మాట ఈ మధ్య వినబడటం తగ్గింది. మీ ఇళ్లలో పిల్లలకు దారి చెప్పేటప్పుడు ఆ పేరు వాడమని వేడుకుంటున్నాను. పలికేవారు ఉంటేనే పేరు బతుకుతుంది, కందకం రోడ్డు మనకు చెబుతున్నది అదే.

చదువు నుంచి వెళ్లగొట్టిన ఆ గాడిచర్ల వారే తరువాతి కాలంలో ఆంధ్రదేశ గ్రంథాలయోద్యమానికి పెద్ద దిక్కయ్యారు. గ్రంథాలయాల మాట వచ్చింది కాబట్టి గౌతమీ గ్రంథాలయం దగ్గరకు వస్తాను. 1898లో ఇంకా ఇరవయ్యేళ్లయినా నిండని నాళం కృష్ణారావు గారు తమ గురువు వడ్డాది సుబ్బరాయకవి పేరున వాసురాయ గ్రంథాలయం మొదలుపెట్టారు. కొక్కొండ వెంకటరత్నం పంతులు గారి పేరున రత్నకవి గ్రంథాలయం మరొకటి ఉండేది. రెండూ కలిసి గౌతమీ గ్రంథాలయం అయ్యాయి. గురువు పేరున గుడి కట్టకుండా పుస్తకాల బీరువా పెట్టిన ఆ కుర్రవాడి బుద్ధికి చేతులెత్తి నమస్కరించాలనిపిస్తుంది. తాళపత్రాలూ, పాత పత్రికల సంపుటాలూ ఇప్పటికీ అక్కడ ఉన్నాయి. నేను ఈ రోజు మీకు చెబుతున్న సంగతుల్లో సగం ఆ బల్లల దగ్గర కూర్చుని నేర్చుకున్నవే. పుట పట్టుకుంటే అంచు విరిగిపోతున్న సంపుటాలు చేతికి వచ్చినప్పుడు చదవాలా, మూసి పెట్టాలా తోచక కూర్చున్న రోజులు నాకు గుర్తున్నాయి.

మళ్లీ కోటగుమ్మానికి వద్దాం, ఎందుకంటే నాకు అన్నిటికన్న ఇష్టమైన సంగతి అక్కడ ఉంది. కోర్టూ కాలేజీ ఉన్నచోట అచ్చుకూటం రావడం సహజం. కొండపల్లి వీరవెంకయ్య అండ్ సన్స్, కాళహస్తి తమ్మారావు అండ్ సన్స్, అద్దేపల్లి వారి సరస్వతీ పవర్ ప్రెస్, గొల్లపూడి వీరాస్వామి సన్ వంటి సంస్థలు ఈ ఊరి నుంచి కావ్యాలూ, నవలలూ, నాటకాలూ, శతకాలూ, పంచాంగాలూ, వ్రతకథలూ ప్రచురించాయి. మా అమ్మకు చదువు అంతంతమాత్రం. మా ఇంట్లో పుస్తకం అంటే దేవుడి గూట్లో ఉండే వ్రతకల్పమూ, దూలానికి వేలాడే పంచాంగమూ. ఆ పుస్తకం అట్ట మీద కింద సన్నని అక్షరాలతో కోటగుమ్మం, రాజమహేంద్రవరం అని ఉండేది. నాకు అక్షరాలు కూడబలుక్కోవడం వచ్చిన కొత్తలో చదివిన ఊరి పేర్లలో అది ఒకటి. శ్రావణ శుక్రవారం నాడు ఎక్కడో అనంతపురంలోనో ఆదిలాబాదులోనో ఒక ఇల్లాలు వ్రతకథ తెరిచినప్పుడు ఆమె చేతిలోనూ అదే చిరునామా ఉండి ఉంటుంది. కోటకు మట్టిగోడ లేకుండా పోయాక దాని గుమ్మం పేరు అచ్చెక్కి తెలుగువాళ్ల దేవుడి గదుల దాకా వెళ్లింది. ఆ పెద్దాయన నన్ను చూసి ఎందుకు నవ్వారో నాకు అర్థమయింది అప్పుడే.

ఈ ఊరు తన చరిత్రను తానే రాసుకోవడం కూడా నేర్చుకుంది. 1922లో ఇక్కడ ఆంధ్రేతిహాస పరిశోధక మండలి పుట్టింది. రాజరాజు పట్టాభిషేకానికి తొమ్మిది వందల ఏళ్లు నిండిన సందర్భంగా ఆ ఏడే పట్టాభిషేక సంచికను వెలువరించారు. భావరాజు వేంకట కృష్ణారావు, చిలుకూరి వీరభద్రరావు, రాళ్లబండి సుబ్బారావు గార్లు ఊరూరా తిరిగి శాసనాలూ, నాణేలూ, విగ్రహాలూ సేకరించారు. రాళ్లబండి వారి పేరున ఉన్న ప్రదర్శనశాలలో వాటిని చూడవచ్చు. దామెర్ల రామారావు చిత్రశాలను కూడా తప్పక చూడండి. కళాశాల ప్రిన్సిపాలుగా ఉన్న కూల్డ్రే దొర ఆ కుర్రవాడి చేతిలోని గీతను గుర్తించి బొంబాయి చిత్రకళాశాలకు పంపించారు. ఆయన తిరిగి వచ్చి ఇక్కడ చిత్రకళా పాఠశాల పెట్టారు. 1925లో మశూచి సోకి ఇరవై ఎనిమిదేళ్లు నిండకముందే కన్నుమూశారు. ఆయన గీసిన సిద్ధార్థ రాగోదయం ముందు నిలబడితే ఆ వయసు మాట నమ్మబుద్ధి కాదు.

పాత వంతెన సంగతి మీకు నాకన్న బాగా తెలుసు. 1897లో పని మొదలై 1900 ఆగస్టు 30న రైళ్లు నడిచాయి. అప్పటి మద్రాసు గవర్నరు హేవలాక్ పేరు పెట్టారు. ఒక్కొక్కటి నూటయాభై అడుగుల చొప్పున యాభై ఆరు ఖానాలు, అంటే స్తంభాల మధ్య ఖాళీలు. 1997లో దానిమీద బండ్లు ఆగిపోయాయి. ఒక్క సంగతి మాత్రం కలుపుతాను. వంతెన రాకముందు రేవే ఈ ఊరి ముఖద్వారం, వంతెన వచ్చాక గోదావరి స్టేషను ముఖద్వారమైంది. రెండూ కోటగుమ్మం చెంతనే ఉండటం వల్ల ఊరికి కొత్తగా వచ్చినవాడు మొదట అడుగు పెట్టిన చోటు మాత్రం మారలేదు. ఇక గోదావరి పొంగిన రోజుల్లో ఈ పేటల్లో పసిపిల్లలకు కూడా ధవళేశ్వరం అంకెలు నోటికి వస్తాయి. పదకొండు ముప్పావు అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, పదమూడు ముప్పావుకు రెండోది, పదిహేడు ముప్పావుకు మూడోది. 1986 ఆగస్టు వరద చూసినవారు ఈ సభలో ఉన్నారు, వారి మాటలు కూడా ఎవరైనా కూర్చుని రాసి పెట్టాలి.

2015 పుష్కరాల మొదటి రోజు, జూలై 14న, మన రేవు దగ్గర జరిగిన తొక్కిసలాటలో పాతికమందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. ఆ మెట్ల పక్కనుంచి నడిచే ప్రతిసారీ వారిని తలచుకోవడం మన విధి. 2027లో పుష్కరాలు మళ్లీ వస్తున్నాయి. రోడ్లు వెడల్పు కావాలి, జనం నిలబడటానికి చోటు కావాలి. మనుషుల ప్రాణం కన్న పాత గోడ ఎక్కువ కాదని నేను మనస్ఫూర్తిగా ఒప్పుకుంటాను. అయితే ఒక ఇల్లు పడగొట్టేటప్పుడు గోడతోపాటు అటక మీద ఉన్నది కూడా పోతోంది. కిందటి ఏడాది నేను చూస్తుండగానే ఒక పాత మండువా ఇంటి నుంచి రెండు ట్రంకుపెట్టెల కాగితాలు తూకానికి వెళ్లిపోయాయి. నేను పరుగెత్తుకుని వెళ్లేసరికి చేతికి చిక్కింది ఒక్క కట్ట. అందులో ఒక నాటక ప్రదర్శన కరపత్రం, ఒక అద్దె చీటీ, కాలవ పడవ కిరాయి రసీదూ ఉన్నాయి. పెద్ద విషయాలేమీ కావు. కాని ఈ వీధిలో ఎవరు ఏ పడవలో వచ్చి, ఏ గదిలో ఉండి, సాయంత్రం ఏ నాటకం చూశారో చెప్పే కాగితాలు ఆ మూడే నాకు దొరికాయి.

మీరు ఇల్లు మార్చేటప్పుడు, పడగొట్టేటప్పుడు, పెద్దవారు పోయాక పెట్టెలు సర్దేటప్పుడు, కాగితాలను తూకానికి వేసేముందు ఒక్కసారి నాకు గాని, మీకు తెలిసిన చరిత్ర ఉపాధ్యాయులకు గాని కబురు పెట్టండి. దస్తావేజుల అసలు మీ దగ్గరే ఉంచుకోండి, ఫొటో తీసుకుని వెంటనే తిరిగి ఇచ్చేస్తాం. వెనకాల పేర్లు రాయని పాత ఫొటోలుంటే, అందులోని మనుషులను గుర్తుపట్టగల పెద్దవాళ్లు ఉండగానే ఆ పేర్లు రాయించి ఉంచండి.

వచ్చే ఆదివారం పొద్దున్న ఆరు గంటలకు పుష్కరాల రేవు పై మెట్టు దగ్గర నేను ఉంటాను. అక్కడ నుంచి కోటగుమ్మం, మసీదు శాసనం, పురమందిరం, కందుకూరి వారి ఇల్లు, గౌతమీ గ్రంథాలయం వరకు కలిసి నడుద్దాం. ఎండ ఎక్కేలోపు ఇళ్లకు చేరవచ్చు. పిల్లలను తీసుకురండి. ఇంట్లో కోటగుమ్మం చిరునామా ఉన్న పాత పుస్తకం ఏదైనా ఉంటే అదీ తెచ్చి చూపించండి, మా అమ్మ వ్రతకల్పం నేను తీసుకువస్తాను. నమస్కారం.